సముద్రమట్టం నుంచి అమా దబ్లం దాకా: గైడ్‌తో టెక్నికల్ శిఖరం ఎక్కాలనుకునే నెల్లూరు, ప్రకాశం వాళ్లకు సమగ్ర మార్గదర్శి

గైడ్లు తీసుకెళ్లే శిఖరయాత్రల ప్రకటనలు చదివితే డబ్బు కడితే చాలు, మిగతాదంతా షెర్పాలే చూసుకుంటారు అనిపిస్తుంది. మామూలు ట్రెక్కుకి ఆ మాట చాలావరకు సరిపోతుంది. నిట్టనిలువు రాయి, గట్టి మంచు, అడుగు పట్టేంత సన్నటి శిఖరరేఖ ఉన్న కొండకి సరిపోదు. గైడ్ వాతావరణం చూసి బయల్దేరే రోజు చెబుతాడు. షెర్పాలు తాడు బిగిస్తారు, టెంటు వేస్తారు, వంట చేస్తారు. ఆ తాడు మీద ప్రతి యాంకర్ దగ్గరా, అంటే తాడుని కొండకి బిగించిన ప్రతి చోటా, ఒక క్లిప్పు వేసి ఇంకో క్లిప్పు తీయాల్సింది మాత్రం మీ చేతులే. అదీ చీకట్లో, వేళ్లు కొంకర్లు పోతుండగా, ఊపిరి సరిగా అందనప్పుడు. అందుకే ఏ కంపెనీలో చేరాలనే దానికంటే, చేరే నాటికి మీకేం వచ్చి ఉండాలనే దాని గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

ఉదాహరణకి నేపాల్‌లోని అమా దబ్లం తీసుకుంటున్నాను. ఎత్తు 6,812 మీటర్లు. 1961లో తొలిసారి ఎక్కారు. ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి వెళ్లే దారిలో అందరూ ఆగి ఫోటో తీసుకునే కొండ అదే. మామూలుగా ఎక్కేది నైరుతి శిఖరరేఖ మీదుగా. సుమారు 5,700 మీటర్ల దగ్గర ఒకటో క్యాంపు. అక్కణ్ణుంచి రాతి మీద అడ్డంగా నడిచి, ఎల్లో టవర్ అనే నిలువు రాతిని ఎక్కితే రెండో క్యాంపు. ఆపైన గ్రే టవర్, మష్రూమ్ రిడ్జ్, చివర్లో మంచు గోడ. ఇక్కడ చెప్పేదంతా శివలింగ్, నున్, సతోపంథ్ లాంటి భారతీయ శిఖరాలకి కూడా కొద్ది మార్పులతో పనికొస్తుంది. శివలింగ్ మాత్రం అమా దబ్లం కంటే ఎత్తు తక్కువైనా తేలికైన కొండ కాదు, దాన్ని మొదటి లక్ష్యంగా పెట్టుకోవద్దు.

మైదానంలో పుట్టి పెరిగిన ఒంటికి ఆ ఎత్తులు పడవనే మాట మన వైపు తరచూ వినిపిస్తుంది. సంగం మండలం గాంధీ జన సంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. ఆ మాటకి అంతకు మించిన జవాబు అక్కర్లేదు. ఆయన 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. అంతటి అనుభవం ఉన్న మనిషినే కొండ తీసుకుపోయిందంటే, కొత్తగా వెళ్లే మనం ఎంత సిద్ధపడి వెళ్లాలో ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి.

మొత్తం తయారీకి రెండు మూడేళ్లు పెట్టుకోండి. ఏడాదిలో ముగించాలని తొందరపడితే ఆ తొందర ఖరీదు ఏదో ఒక తాడు మీద కట్టాల్సి వస్తుంది.

మొదటి మెట్టు: బేసిక్ కోర్సు

ఒకటి రెండు మంచు ట్రెక్కులు చేసి చలి, ఎత్తు మీ ఒంటికి ఎలా ఉన్నాయో చూసుకున్నాక, నేరుగా ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సుకి దరఖాస్తు చేయండి. ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, డార్జిలింగ్‌లో 1954 నుంచి నడుస్తున్న హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, మనాలిలో అటల్ బిహారీ వాజపేయి పేరుతో ఉన్న సంస్థ, పహల్గాంలో జవహర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. కోర్సు దాదాపు నాలుగు వారాలు. సీట్లు నెలల ముందే, ఒక్కోసారి ఏడాది ముందే నిండిపోతాయి. అందుకే సెలవు దొరికాక దరఖాస్తు పెట్టడం కాదు, సీటు తేదీని బట్టి సెలవు అడగాలి. పై వయసు హద్దు ఉంటుంది, నలభై దాటుతున్నవాళ్లు ముందే కనుక్కోండి.

ఇక్కడ నేర్పేది ముడులు, రాతి మీద అడుగు పెట్టడం, క్రాంపాన్లతో (బూట్లకి తొడిగే ఇనుప పళ్లతో) మంచు మీద నడవడం, జారితే ఐస్ యాక్స్‌తో ఆగడం, తాడు మీద దిగడం. గ్రేడు ఇస్తారు. ‘A’ గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సుకి అర్హత. ఆ ‘A’ గ్రేడు కోసం శ్రమపడండి. అమా దబ్లం లాంటి కొండకి అడ్వాన్స్ కోర్సు చేసి వెళ్లడమే సరైన దారి. వీలుకాకపోతే కనీసం దానితో సమానమైన తాడు పని ఎవరి దగ్గరైనా నేర్చుకుని ఉండాలి.

శిక్షణలో ఉన్నంత మాత్రాన ప్రమాదం ఉండదనుకోవద్దు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా శిఖరం మీద హిమపాతంలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ అడ్వాన్స్ కోర్సు బృందంలోని 27 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది మే నెలలో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన శిక్షకురాలు సవితా కన్స్‌వాల్ కూడా వాళ్లలో ఉన్నారు. భయపెట్టడానికి కాదు ఇది చెప్పడం. ఇంట్లో ఈ విషయం తెలిసి, ఒప్పుకుని పంపాలి.

రెండో మెట్టు: మన ఎండలో, మన కొండల మీద ఒంటిని తయారుచేయడం

ఎత్తుకి అలవాటు పడటం నెల్లూరులో కుదరదు. ముఖానికి తగిలించుకునే ‘ఆల్టిట్యూడ్ మాస్కులు’ కొనకండి. అవి ఊపిరి పీల్చడాన్ని కష్టం చేస్తాయి గానీ గాలిలో ఆక్సిజన్‌ని తగ్గించవు. ఇక్కడ చేయగలిగింది గుండె, కాళ్లు, వెన్ను గట్టిపరచడం. అది ఇక్కడ బ్రహ్మాండంగా చేయొచ్చు.

పునాది మొదటి మూడు నెలలు. వారానికి నాలుగైదు రోజులు గంటకు తగ్గకుండా నడక, నిదానమైన పరుగు, సైకిల్. పక్కవాళ్లతో వాక్యాలు పూర్తిగా మాట్లాడగలిగేంత వేగమే. ఆయాసపడేలా రోజూ పరిగెత్తేవాళ్లు త్వరగా అలసిపోతారు గానీ పది పన్నెండు గంటలు ఆగకుండా నడిచే శక్తి వాళ్లకి రాదు. శిఖరం రోజుకి కావలసింది ఆ శక్తే. మార్చి దాటాక తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బరువు మోయడం పట్టుదల కాదు, వడదెబ్బని పిలవడం.

ఆ తర్వాత బరువు. ఏసీఎస్ఆర్ స్టేడియం మెట్లు, అపార్ట్‌మెంట్ మెట్లు, ఒంగోలు కొండ, ఏది దగ్గరైతే అది. ఎనిమిది కిలోలతో మొదలుపెట్టి నెలలు గడిచేకొద్దీ పద్దెనిమిది, ఇరవై దాకా. బరువుగా నీళ్ల సీసాలే పెట్టుకోండి, పైకి చేరాక పారబోసి ఖాళీ బ్యాగుతో దిగండి. మోకాళ్లు ఎక్కువగా పాడయ్యేది బరువుతో దిగేటప్పుడే.

నెలకి రెండుసార్లైనా పెద్ద కొండ కావాలి. మన జిల్లాకి ఉదయగిరి దుర్గం ఉంది. సుమారు మూడు వేల అడుగుల కొండ, కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలుచుకున్న కోట. దారి తెలిసిన స్థానికుణ్ణి తోడు తీసుకుని, చీకటితోనే బయల్దేరి, అదే రోజు రెండుసార్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకోండి. రెండోసారి ఎక్కేటప్పుడు వచ్చే విసుగు, కాళ్ల బరువు, ‘ఇక చాలు’ అనే ఆలోచన, వీటన్నిటితో ముందే పరిచయం కావాలి. పెంచలకోన చుట్టూ, భైరవకోన వైపూ అడవి దారులు ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి అడిగి వెళ్లండి.

రాతి మీద పాకడానికి చీమకుర్తి గ్రానైటు క్వారీల గోడలు చూసి ఆశపడే కుర్రాళ్లు ఉన్నారు. వద్దు. పేలుళ్లకి లోపలంతా పగుళ్లు పట్టిన గోడలవి, పైనుంచి ఎప్పుడు ఏ పలక ఊడుతుందో తెలియదు. రాతి శిక్షణకి భువనగిరి కోట రాయి దాకా వెళ్లండి. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో వెళ్లిన ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకుంది అక్కడే.

మూడో మెట్టు: చేతులకి పని నేర్పడం

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే.

నడుముకి, తొడలకి కట్టుకునే హార్నెస్ నుంచి రెండు తోకలు, అంటే చిన్న తాడు ముక్కలు, వేలాడుతుంటాయి. ఒకదాని చివర జుమార్, అంటే తాడు మీద పైకి జరిగి కిందికి జారకుండా పళ్లతో పట్టుకునే పరికరం. రెండోదాని చివర తాళం వేసే క్యారబైనర్, అంటే తెరిచి మూసే లోహపు కొక్కెం, అది మీ రక్షణ. జుమార్ తోక పొడవు మీ చేయి అందేంత మాత్రమే ఉండాలి. పొడవు ఎక్కువైతే, మీరు తాడుకి వేలాడినప్పుడు జుమార్ చేతికి అందనంత పైన ఉండిపోతుంది. కిందికీ రాలేరు, పైకీ పోలేరు. దీన్ని ఇంటి దగ్గరే వేలాడి చూసుకుని సరిచేసుకోవాలి.

యాంకర్ దగ్గరికి వచ్చారు. ముందు రక్షణ క్యారబైనర్ తీసి యాంకర్ పైనున్న తాడుకి వేయాలి. తాళం బిగించాలి. చేత్తో లాగి చూడాలి. ఆ తర్వాతే జుమార్ తీసి పై తాడుకి మార్చాలి. వరస ఎప్పుడూ ఇదే, ఒక్కసారి కూడా తప్పకూడదు. రెండిట్లో ఒకటైనా ప్రతి క్షణం తాడు మీద ఉండాలి. దిగేటప్పుడు వరస ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రక్షణ క్యారబైనర్ యాంకర్‌కి వేసి, ఫిగర్ ఆఫ్ ఎయిట్‌ని (తాడు మీద దిగడానికి వాడే 8 ఆకారపు పరికరాన్ని) పై తాడు నుంచి తీసి కింది తాడుకి ఎక్కించి, ఒంటి బరువు మొత్తం దాని మీద వేసి పట్టిందని చూసుకుని, అప్పుడు మాత్రమే రక్షణ క్యారబైనర్ యాంకర్ నుంచి విప్పి కింది తాడుకి మార్చాలి.

దీన్ని చదివితే రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఇంట్లో కింది అంతస్తు మెట్ల రెయిలింగుకి పది మిల్లీమీటర్ల తాడు కట్టి, మధ్యమధ్య ముడులేసి నాలుగైదు యాంకర్లు చేసుకోండి. నేల మీదే నిలబడి చేయండి. మొదటి వారం ఒట్టి చేతులతో. తర్వాత సన్నటి గ్లోవ్స్. ఆ తర్వాత కొండ మీద వాడబోయే మందపాటి గ్లోవ్స్ వేసుకుని. చివరికి లైట్లు ఆర్పేసి, హెడ్‌ల్యాంప్ కూడా లేకుండా. మే నెల ఉక్కలో ఆ గ్లోవ్స్ వేసుకుంటే చెమట కారిపోతుంది, కారనివ్వండి. గ్లోవ్ తీయకుండా తాళం తిప్పడం, గ్లోవ్ తీయకుండా ఫిగర్ ఆఫ్ ఎయిట్ జారవిడవకుండా తాడు ఎక్కించడం వచ్చాకే మీరు సిద్ధమైనట్టు. పరికరం చేతిలోంచి జారి లోయలో పడిపోతే ఒట్టి క్యారబైనర్‌తో దిగడానికి మున్టర్ ముడి ఉంది. దాన్నీ చీకట్లో వేయగలగాలి.

క్రాంపాన్లతో రాతి మీద నడవడం ఇంకో విద్య. అమా దబ్లం మీద రాయి, మంచు మారిమారి వస్తాయి, ప్రతిసారీ విప్పి కట్టుకునే సమయం ఉండదు. ముందు పళ్లు రాతి అంచు మీద ఆనించి, మడమ ఊగకుండా నిలబడటం శిక్షణలో అడిగి మరీ నేర్చుకోండి.

నాలుగో మెట్టు: మధ్యలో ఒక ఆరు వేల మీటర్లు

బేసిక్ కోర్సు నుంచి నేరుగా అమా దబ్లానికి దూకొద్దు. మధ్యలో లద్దాఖ్‌లో కాంగ్ యాత్సే 2, లేదా నేపాల్‌లో ఐలండ్ పీక్, లొబుచే ఈస్ట్ లాంటిది ఒకటి చేయండి. లొబుచే ఈస్ట్ నాకు ఎక్కువ నచ్చుతుంది. తాడు పని ఎక్కువ, పైగా ఎదురుగానే అమా దబ్లం కనిపిస్తుంటుంది. శిఖరం అందిందా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆరు వేల మీటర్ల మీద మీ తల ఎంత పనిచేస్తోంది, తిండి పోతోందా, నిద్ర పడుతోందా, దిగేటప్పుడు చేతులు వరస తప్పుతున్నాయా, ఇవి గమనించి రాసిపెట్టుకోండి. పెద్ద కొండకి గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు ఆయనకి చూపించాల్సింది ఆ కాగితమే.

ఐదో మెట్టు: కంపెనీని ఎంచుకోవడం

భారతదేశంలో శిఖరమైతే ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి ఉండాలి. నేపాల్‌లో అమా దబ్లం లాంటి పెద్ద శిఖరాలకి అక్కడి పర్యాటక శాఖ, ఐలండ్ పీక్ లాంటి వాటికి నేపాల్ మౌంటెనీరింగ్ అసోసియేషన్ పర్మిట్ ఇస్తాయి. అవన్నీ కంపెనీయే చూసుకుంటుంది. మీరు చూడాల్సింది మనుషుల్ని.

ఫోన్ చేసి అడగండి. మాతో పైకి వచ్చే గైడ్ ఎవరు, ఆయనకి ఐఎఫ్‌ఎమ్‌జీఏ (పర్వత గైడ్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) గుర్తింపు ఉందా, ఈ కొండ ఇంతకు ముందు ఎక్కారా? ఒక్కో సభ్యుడికి ఒక షెర్పానా, ఇద్దరికి ఒకరా? ఎవరైనా ఒకరు వెనక్కి తిరగాల్సి వస్తే వాళ్లతో ఎవరు దిగుతారు, మిగిలినవాళ్ల సంగతేంటి? రెండో క్యాంపులో మనకి టెంటు చోటు ఎలా? అక్కడ రాతి అంచు మీద కొద్ది టెంట్లకే జాగా, ఇది చిన్న ప్రశ్న కాదు. మూడో క్యాంపు వేస్తారా? 2006 నవంబరులో పైన వేలాడే మంచు పెళ్ల విరిగిపడి మూడో క్యాంపులో నిద్రపోతున్న ఆరుగురు చనిపోయారు. అప్పటి నుంచి చాలా బృందాలు రెండో క్యాంపు నుంచే నేరుగా శిఖరానికి వెళ్లి వస్తున్నాయి. కంపెనీ జవాబులో వాళ్ల ఆలోచన తెలిసిపోతుంది. పోర్టర్లకి బీమా, తగిన బట్టలు, బూట్లు ఇస్తున్నారా అనీ అడగండి. దీనికి సరిగ్గా జవాబు చెప్పని కంపెనీ మీ ప్రాణానికీ అంతే విలువ ఇస్తుంది.

మీ అనుభవం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అడ్వాన్సు కట్టమనే కంపెనీకి కట్టకండి. మీతో అదే తాడు మీద ఉండబోయే మిగతావాళ్లనీ వాళ్లు అలాగే చేర్చుకుని ఉంటారు.

ఆరో మెట్టు: డబ్బు, బీమా, కాగితాలు

నేపాలీ కంపెనీల ప్యాకేజీలు మన రూపాయల్లో సాధారణంగా ఐదారు లక్షల దగ్గర మొదలై పైకి పోతాయి, విదేశీ గైడ్లు నడిపేవి అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ. సొంత సామానుకి ఇంకో రెండు మూడు లక్షలు అనుకోండి. షెర్పాకి శిఖరం బోనసు, వంటవాళ్లకి, పోర్టర్లకి టిప్పులు వేరు. వాటిని ముందే లెక్కలో వేసుకుని కవర్లలో పెట్టుకోండి. చివరి రోజు జేబు తడుముకోవడం ఆ మనుషులకి మర్యాద కాదు.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సు ఇక్కడ పనికిరాదు. పాలసీ కాగితంలో రెండు మాటలు వెతకండి: ఎంత ఎత్తు వరకు, తాళ్లతో ఎక్కడం కవరవుతుందా. కంపెనీ పంపే కరపత్రం కాదు, నిబంధనల పుస్తకమే చదవాలి. హెలికాప్టర్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. అవసరం లేకపోయినా హెలికాప్టర్ ఎక్కించి బీమా సొమ్ము పంచుకునే మోసాల మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. అందుకే హెలికాప్టర్ పిలిచే ముందు బీమా సంస్థకి ఎవరు ఫోన్ చేస్తారో కంపెనీతో ముందే తేల్చుకోండి.

మనకి నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చూపాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసువాళ్లకి ఆధార్ చెల్లదు. పర్మిట్ పనులకి పాస్‌పోర్టు ఉంటేనే తేలిక.

డాక్టరు దగ్గరికి కనీసం ఆరు నెలల ముందు వెళ్లండి. ట్రెడ్‌మిల్ టెస్టు, ఎకో, హిమోగ్లోబిన్, బీపీ, షుగరు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ, దాన్ని మందులతో సరిచేయడానికి నెలలు కావాలి. పళ్ల డాక్టరుని మర్చిపోవద్దు. పుచ్చిన పన్ను అయిదు వేల మీటర్ల మీద పోటు పెడితే మొత్తం యాత్ర అక్కడే ముగుస్తుంది.

ఇంట్లో చెప్పడం

దీన్ని చివరికి వాయిదా వేస్తారు చాలామంది. ‘ఏంది నాయనా, ఇక్కడున్న కొండలు చాల్లేదా?’ అని అమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్నకి గొప్ప జవాబు వెతకొద్దు. కోర్సు సర్టిఫికెట్, బీమా కాగితం, కంపెనీ ఫోన్ నంబరు, ఏ రోజు ఎక్కడుంటారో రాసిన పట్టిక ముందు పెట్టండి. ‘అమ్మా, గైడ్ దిగమంటే దిగుతా, నాకు బాగాలేదనిపిస్తే ఆయన చెప్పకపోయినా దిగుతా’ అని మాటివ్వండి. ఆ మాట మీద నిలబడండి. పైనుంచి రోజూ ఫోన్ రాదని, రెండు మూడు రోజులు కబురు లేకపోతే కంగారు పడొద్దని ముందే చెప్పాలి. ఇంటి అప్పులు, నామినీ కాగితాలు సర్దుకోవడం అపశకునం కాదు, బాధ్యత.

ఏడో మెట్టు: సామాను

కొన్ని కొనాలి, కొన్ని అద్దెకి తీసుకోవచ్చు. బూట్లు తప్పకుండా సొంతవి కావాలి. రెండు పొరల ఆరు వేల మీటర్ల బూట్లు, మందపాటి సాక్సుతో వేళ్లు కదిలేంత వదులుగా. వాటికి సరిగ్గా కూర్చునే క్రాంపాన్లు బూట్లతో పాటే కొనండి. తొడిగి, బూటు తలకిందులు చేసి గట్టిగా ఊపినా కదలకూడదు. హార్నెస్, హెల్మెట్, జుమార్, ఫిగర్ ఆఫ్ ఎయిట్, నాలుగైదు తాళపు క్యారబైనర్లు మీవే అయి ఉండాలి, ఎందుకంటే చేతికి అలవాటైనవి అవే. డౌన్ జాకెట్, మైనస్ ముప్ఫై స్లీపింగ్ బ్యాగు ఖాట్మండూలోని ఠమేల్‌లో అద్దెకి దొరుకుతాయి. జిప్పులు, కుట్లు చూసి తీసుకోండి. హెడ్‌ల్యాంపులు రెండు. నల్లద్దాలు నాలుగో కేటగిరీవి, అవీ రెండు.

నడక మొదలయ్యే లుక్లాకి వెళ్లే విమానంలో ఒక్కొక్కరికి పదిహేను కిలోలే. రద్దీ నెలల్లో ఆ విమానాలు ఖాట్మండూ నుంచి కాకుండా రామెఛాప్ నుంచి ఎగురుతాయి, అర్ధరాత్రి జీపులో బయల్దేరాలి.

తిండి విషయంలో ఒక మాట. పైకి పోయేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, నోటికి ఏదీ సహించదు. అప్పుడు చాక్లెట్ బార్లు చూస్తేనే వెగటు పుడుతుంది. కందిపొడి, కాస్త ఆవకాయ గట్టి మూత డబ్బాలో పెట్టుకోండి. బేస్ క్యాంపులో వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలిపితే నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు. ఆ నాలుగు ముద్దలే రెండో క్యాంపు దాకా నడిపిస్తాయి.

తుఫాను కాలంలో బయల్దేరడం

అమా దబ్లానికి మంచి కాలం అక్టోబరు, నవంబరు. సరిగ్గా మన కోస్తాకి వాన, తుఫాన్ల కాలం. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, జాతీయ రహదారి కూడా దెబ్బతిని నెల్లూరు నుంచి ఉత్తరానికి రాకపోకలు ఆగిపోయాయి. చెన్నై విమానాశ్రయం వానకి మూతపడిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఖాట్మండూలో చేరాల్సిన తేదీకి కనీసం మూడు నాలుగు రోజుల ముందే ఇల్లు కదలండి.

మన తుఫాను అక్కడికీ వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. దాని మిగిలిన మేఘాలు ఉత్తరానికి పోయి, రెండు రోజులకి నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుఫానై కురిశాయి. థొరాంగ్ లా కనుమ దగ్గరా, ఆ చుట్టుపక్కల ప్రాంతాల్లోనూ కలిపి నలభై మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని ఇంటి నుంచి ఫోన్‌లో చెబితే దాన్ని తేలిగ్గా తీసుకోకుండా మీ గైడ్‌కి చెప్పండి. ఆయన దగ్గర అప్పటికే సమాచారం ఉంటుంది, ఉన్నా సరే చెప్పండి.

ఎనిమిదో మెట్టు: ఎత్తుకి అలవాటు

5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. శరీరం దీనికి అలవాటు పడుతుంది గానీ సమయం అడుగుతుంది. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అక్కడే ఆగాలి. దారిలో 3,440 మీటర్ల ఎత్తున ఉన్న నాంచే ఊళ్లో రెండు రాత్రులు ఉండటం ఇందుకే. పగలు పైకి ఎక్కి, రాత్రి కిందికి వచ్చి పడుకోవడం మంచి పద్ధతి. ఎత్తుకి అలవాటు పడటానికి సాయపడే డయామాక్స్ మాత్ర డాక్టరుని అడిగే వాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు ముఖ్యంగా చెప్పాలి. బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఒకసారి వేసుకుని చూడండి.

తలనొప్పి, వికారం చాలామందికి వస్తాయి, ఆగితే తగ్గుతాయి. తగ్గకపోతే పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు, నురగతో కఫం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. మాట తడబడి, ఒక కాలి వేళ్లకి ఇంకో కాలి మడమ ఆనిస్తూ సరళరేఖ మీద నడవలేకపోతే మెదడు వాస్తున్నట్టు. ఈ రెండిట్లో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే కిందికి దింపాలి. బాగోలేనప్పుడు ‘ఏం లేదులే అన్నా’ అని షెర్పా దగ్గర దాచడం మన వాళ్లలో ఎక్కువ. ఆ మొహమాటం ప్రాణం తీస్తుంది.

తొమ్మిదో మెట్టు: కొండ మీద

బేస్ క్యాంపులో లామా పూజ చేయిస్తారు. మీ యాక్స్, క్రాంపాన్లు కూడా పూజలో పెడతారు. అది అయ్యాకే షెర్పాలు పైకి అడుగు పెడతారు. మన ఇంటి పూజలో కూర్చున్నంత శ్రద్ధగా కూర్చోండి.

పైన ఒకే చోట మూడు నాలుగు పాత తాళ్లు వేలాడుతుంటాయి. ఏది ఈ ఏడాదిదో షెర్పాని అడిగి దానికే క్లిప్పు వేయండి. ఎండకి రంగు వెలిసి, రాతికి ఒరిసి పీచు లేచిన తాడుని చేత్తో కూడా పట్టుకోవద్దు. రెండో క్యాంపులో చోటు తక్కువ, మనుషులెక్కువ, చుట్టుపక్కల మంచు శుభ్రంగా ఉండదు. కరిగించిన నీళ్లు బాగా మరగనివ్వాలి. ఎల్లో టవర్ దగ్గర వరస పెరిగిపోతుంది. అక్కడ ముందువాళ్లని తొందరపెట్టొద్దు, వెనకవాళ్ల తొందరకి మీ క్లిప్పుల వరస మార్చొద్దు.

శిఖరం రోజు అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. ఎన్నింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ముందురోజు సాయంత్రమే గైడ్‌తో తేల్చుకుని, గడియారంలో అలారం పెట్టుకోండి. పైన ఆ లెక్క చేసే స్థితిలో బుర్ర ఉండదు. నీళ్ల సీసా తలకిందులుగా సాక్సులో పెట్టండి, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర కాకుండా సీసా అడుగు వైపు నుంచి మొదలవుతుంది. కాలి వేళ్లు మొద్దుబారితే వెంటనే చెప్పండి.

శిఖరం మీద ఉండేది కొద్ది నిమిషాలు. దిగేందుకు ఒంట్లో సగం బలం అప్పటికీ మిగిలి ఉండాలి. ఎక్కేటప్పటి ఉత్సాహం పోయి, అలసటతో, ఎండకి కరుగుతున్న మంచు మీద, యాంకర్ తర్వాత యాంకర్ దాటుతూ దిగాలి. ప్రతి యాంకర్ దగ్గర చేసే పని పైకి వినపడేలా చెప్పుకోండి: రక్షణ వేశాను, తాళం బిగించాను, తాడు ఎక్కించాను, బరువు వేశాను, ఇప్పుడు విప్పుతున్నాను. తెలుగులోనే చెప్పుకోండి. షెర్పాకి అర్థం కాకపోయినా పర్లేదు, మీ చేతులకి అర్థమైతే చాలు.

ఇంటికొచ్చాక

మొద్దుబారిన వేళ్లు వారం దాటినా మామూలు కాకపోతే డాక్టరుకి చూపించండి, వేడి నీళ్ల కాపడం పెట్టి ఊరుకోవద్దు. సామాను సంగతి అదే వారం చూడాలి. మన కోస్తా గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. క్యారబైనర్లు, జుమార్ మంచినీళ్లలో కడిగి, ఆరబెట్టి, కీళ్ల దగ్గర కొద్దిగా సిలికాన్ నూనె వేయండి. డౌన్ జాకెట్‌ని నొక్కి సంచిలో కుక్కకుండా వదులుగా వేలాడదీయండి. బూట్ల అడుగు పొరలో వాడే పాలీయూరిథేన్ తేమకి లోలోపలే చివికిపోయి, పైకి కొత్తగా కనిపిస్తూనే ఒకరోజు నడుస్తుండగా ఊడిపోతుంది. గాలి ఆడే గదిలో, అట్టపెట్టె లేకుండా, రెండు నెలలకోసారి తొడిగి కాసేపు నడిచి పెట్టుకోండి. హార్నెస్, తోకలు ఏ ఏడాది తయారయ్యాయో చీటీ మీద చూసి రాసిపెట్టండి. వాడకపోయినా పదేళ్లు దాటితే వాటిని కోసి పారేయాలి, ఎవరికీ ఇవ్వకూడదు.